ముట్టని మాంసం, కడగని చేతులు

బడికెళ్ళే వయసు పిల్లాడికి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి. ఒక చెయ్యో, మూతి ఒక పక్కో కొట్టుకుంటుంది. ఒక్కోసారి ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. ఆస్పత్రికి పరుగెత్తుతారు, స్కాన్ తీస్తారు. మెదడులో చిన్న చుక్క ఉందని, అది బద్దెపురుగు తిత్తి అయ్యుండొచ్చని, పందుల్లో ఉండే పురుగేనని డాక్టరు చెబుతారు. ఆ మాట విన్న తల్లి ముందుగా అనేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "మేం పంది మాంసం ముట్టనే ముట్టమండీ!"

ఇంటికొచ్చాక విచారణ మొదలవుతుంది. స్నేహితుడి పుట్టినరోజుకు వెళ్ళినప్పుడు ఏం తిన్నాడు? హాస్టల్లో ఏం పెట్టారు? సందు చివర నూడుల్స్ బండివాడు ఏం కలిపాడు? నాయనమ్మ నాన్న వైపు చూస్తుంది, నాన్న అమ్మ వైపు చూస్తాడు. పిల్లాడేమో తనవల్ల ఏదో తప్పు జరిగిందనుకుని మూల కూర్చుంటాడు.

తల్లిదండ్రులకు ముందుగా చెప్పాల్సింది, ఆ విచారణ ఆపెయ్యమని. ఈ జబ్బు ఆ దారిన రాలేదు. అసలు ఏ దారిన వచ్చిందో తెలిస్తే భయం చాలావరకు తగ్గుతుంది, ఇంట్లో మిగతా పిల్లల్ని కాపాడుకునే ఉపాయమూ దొరుకుతుంది.

పురుగు నడిచే దారి

ఈ బద్దెపురుగు పెరిగి పెద్దదయ్యేది మనిషి పేగులోనే. అక్కడ రెండు నుంచి ఏడు మీటర్ల పొడవు పెరుగుతుంది, ఏళ్ళ తరబడి బతుకుతుంది. దాని ఒళ్ళంతా చిన్న చిన్న ముక్కలు. గుడ్లతో నిండిన ముక్కలు చివరినుంచి ఊడి మలంతో బయటికొస్తాయి. ఒక్కో ముక్కలో 50,000 దాకా గుడ్లుంటాయి. పేగులో పురుగున్న మనిషికి చాలాసార్లు ఏ బాధా ఉండదు. తినడం, తిరగడం, పని చేసుకోవడం అంతా మామూలే.

ఆరుబయట మలవిసర్జన చేసేచోట తిరిగే పంది ఆ గుడ్లను మింగుతుంది. దాని కండల్లో అవి నీటి తిత్తులవుతాయి. సగ్గుబియ్యం గింజల్లా తెల్లగా, కొంచెం పెద్దగా కనిపిస్తాయి. ఆ మాంసాన్ని సరిగా ఉడికించకుండా తిన్న మనిషి పేగులో తిత్తి విచ్చుకుని మళ్ళీ బద్దెపురుగవుతుంది. 1855లోనే కుఖెన్‌మైస్టర్ అనే జర్మన్ వైద్యుడు మరణశిక్ష పడిన ఖైదీకి ఇలాంటి తిత్తులున్న మాంసం తినిపించి, శిక్ష అమలయ్యాక పేగులో పురుగుల్ని చూపించాడు. ఆ పద్ధతిని ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. పంది మాంసంలోని తిత్తీ, మనిషి పేగులోని పురుగూ ఒకటేనన్న సంగతి మాత్రం అలా రుజువైంది.

గమనించారా, ఇంతవరకూ మెదడు ప్రసక్తే రాలేదు. ఉడకని మాంసం తింటే పురుగు పేగులోకి చేరుతుందే తప్ప మెదడులోకి పోదు. మెదడుకు పోయేది గుడ్డు మింగినప్పుడు. పంది మింగాల్సిన గుడ్డును మనిషి మింగితే అది కడుపులో విచ్చుకుని, పేగు గోడ దాటి, రక్తంలో కలిసి కండల్లోకో, కంట్లోకో, మెదడులోకో చేరి తిత్తి కడుతుంది. మెదడులో తిత్తి కడితే దాన్ని న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారు. డాక్టర్లు పొడి అక్షరాల్లో ఎన్‌సీసీ అని రాస్తారు.

ఆ గుడ్డు వచ్చేది మనిషి మలం నుంచే. పంది మలంలో ఈ గుడ్లుండవు, ఎందుకంటే పంది పేగులో ఈ పురుగు పెద్దదవదు. పేగులో పురుగున్న మనిషి దొడ్డికెళ్ళొచ్చి చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం కలిపినా, పండు కోసినా, మంచినీళ్ళ కుండలో చెయ్యి పెట్టినా గుడ్లు పక్కవాళ్ళ నోటికి చేరతాయి. మురుగునీటితో పండిన ఆకుకూరల మీదుగానూ చేరొచ్చు. అందుకే ఉల్లిపాయ కూడా తినని ఇళ్ళలోని పిల్లలకూ ఈ జబ్బు వస్తోంది.

ఇది మన దగ్గర మాత్రమే తేలిన సంగతి కాదు. న్యూయార్క్ నగరంలో, మతనియమం ప్రకారం పంది మాంసం దరికి రానివ్వని యూదుల కుటుంబాల్లో నలుగురికి మెదడులో ఈ తిత్తులు బయటపడ్డాయి. ఆ వివరాలు 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఆరా తీస్తే, ఆ ఇళ్ళలో పనికి కుదిరినవాళ్ళలో ఒకరి పేగులో బద్దెపురుగు ఉన్నట్టు పరీక్షలో తేలింది. పాపం ఆ పనిమనిషికి తన ఒంట్లో పురుగు ఉందన్న సంగతే తెలిసి ఉండదు.

ఎప్పటిదో ఇప్పుడెందుకు?

"నిన్నటిదాకా బాగానే ఉన్నాడే" అన్నది తల్లిదండ్రుల రెండో ప్రశ్న. తిత్తి బతికున్నంత కాలం మన ఒంటి రక్షణ వ్యవస్థ కళ్ళుగప్పి ఊరకుంటుంది. అది చచ్చిపోవడం మొదలైనప్పుడు శరీరం దాన్ని గుర్తుపట్టి తిరగబడుతుంది. చుట్టూ వాపొస్తుంది, ఆ వాపే ఫిట్స్ తెప్పిస్తుంది. గుడ్డు మింగడానికీ ఫిట్స్ రావడానికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడుస్తాయి. ఇండియాలో కొలువు చేసి స్వదేశానికి వెళ్ళిన బ్రిటిష్ సైనికుల్లో ఎందరికో ఇంటికి చేరిన కొన్నేళ్ళకు గానీ ఫిట్స్ రాలేదు. అలాంటి 450 మంది రోగుల వివరాలతో 1961లో బ్రిటన్‌లో ఒక నివేదికే వెలువడింది. కాబట్టి పోయిన వారం తిన్న పానీపూరీని తప్పుపట్టి లాభం లేదు.

ఇంకొక మాట. మన దేశపు పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఒకే ఒక్క చిన్న తిత్తి. ఒకప్పుడు స్కాన్‌లో ఇలాంటి చుక్క కనిపిస్తే టీబీ గడ్డేమోనని నెలల తరబడి టీబీ మందులు వాడించేవారు. వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో రాజశేఖర్, చాందీ అనే న్యూరోసర్జన్లు, వాళ్ళ సహచరులు అలాంటి చుక్కల్ని బయటికి తీసి పరీక్షించి, వాటిలో ఎక్కువ భాగం బద్దెపురుగు తిత్తులేనని చూపించారు. రెండిటినీ స్కాన్ మీద వేరుచేసి గుర్తుపట్టే సూత్రాలూ చెప్పారు. రెండు సెంటీమీటర్లకన్నా చిన్నదిగా ఉండటం వాటిలో ఒకటి. ఒంటరి తిత్తి చాలామంది పిల్లల్లో కొన్ని నెలల్లో దానంతటదే కరిగి మాయమవుతుంది. మెదడులో పురుగు అనగానే కళ్ళముందు కదిలే భయంకరమైన బొమ్మకూ ఈ నిజానికీ పోలికే లేదు.

ఫిట్స్ వచ్చినప్పుడు

ఆ నిమిషంలో చెయ్యాల్సింది కొంచెమే, చెయ్యకూడనిదే ఎక్కువ. పిల్లాణ్ణి నేలమీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తలకింద మెత్తటి గుడ్డ పెట్టండి. మెడ దగ్గర గుండీ, టై ఉంటే వదులు చెయ్యండి. దగ్గర్లో గట్టి వస్తువులుంటే జరపండి. గడియారం చూడండి.

చేతిలో తాళాల గుత్తి పెట్టొద్దు. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించొద్దు. పళ్ళమధ్య చెంచా దూర్చొద్దు, నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. కొట్టుకునే కాళ్ళూ చేతుల్ని అదిమి పట్టొద్దు. తాళాలు పట్టుకోగానే తగ్గిందని చాలామంది అంటారు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి కనుక పేరు తాళాలకు దక్కుతోంది, అంతే. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గీ తగ్గకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి. మొదటిసారి వచ్చిన ఫిట్ ఎంత చిన్నదైనా డాక్టరుకు చూపించాలి. వీలైతే ఇంట్లో ఒకరు ఫోన్‌లో వీడియో తీస్తే డాక్టరుకు చాలా ఉపయోగం.

తాయెత్తు కట్టించాలని పెద్దవాళ్ళు పట్టుబడితే వాళ్ళతో తగువు పెట్టుకుని ఆ పూట పాడుచేసుకోకండి. తాయెత్తు మెడలో ఉండనివ్వండి, మందు మాత్రం వేళకు పడాలి.

మందుల దగ్గర ఓర్పు

ఫిట్స్ రాకుండా ఇచ్చే మందును ఒక్క పూట కూడా తప్పించకండి. "మూడు నెలలైంది, మళ్ళీ రాలేదు కదా" అని మీ అంతట మీరు ఆపితే ఆగిన ఫిట్స్ తిరగబెడతాయి. స్కాన్‌లో తిత్తి పోయిందో లేదో చూసి, ఎప్పుడు ఎలా తగ్గించాలో డాక్టరే చెబుతారు. కొందరిలో తిత్తి మాయమయ్యేచోట సున్నపు మచ్చ మిగులుతుంది. అలాంటి పిల్లలకు మందు ఇంకొంత కాలం అవసరం కావచ్చు.

పురుగును చంపే ఆల్బెండజోల్ విషయంలో రెట్టింపు జాగ్రత్త. మందుల షాపులో తేలిగ్గా దొరుకుతుంది కదా అని, ఎన్‌సీసీ అని తెలిసిన పిల్లకు ఇంట్లో ఇచ్చెయ్యకండి. తిత్తులు ఒక్కసారిగా చస్తే వాపు పెరిగి ప్రమాదం ముంచుకొస్తుంది. అందుకే డాక్టర్లు ముందు కంటిలోపల తిత్తులేమైనా ఉన్నాయేమో చూసి, వాపు తగ్గించే స్టెరాయిడ్‌తో కలిపి, రోజులు లెక్కగట్టి ఇస్తారు. మెదడంతా తిత్తులు నిండి బాగా వాచి ఉంటే అసలు ఇవ్వరు. ఇవ్వకపోవడం కూడా వైద్యమే.

మరి బళ్ళో ఇచ్చే నులిపురుగుల మాత్ర? జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం 2015లో మొదలైంది. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న, ఏడాది నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లలకు అంగన్‌వాడీల్లో, బళ్ళలో ఆల్బెండజోల్ ఇస్తారు. ఏలికపాములు, కొంకిపురుగుల వంటివాటికి అది మంచి మందు. తప్పకుండా వేయించండి. బద్దెపురుగుకు మాత్రం ఆ ఒక్క మాత్రను నమ్ముకోకూడదు, దానికి వేరే మందులున్నాయి. మీ బిడ్డకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి టీచరుకు, ఏఎన్ఎంకు ముందే చెప్పి, డాక్టరును అడిగాకే వేయించండి.

ఎవరి చేతి నుంచి?

బిడ్డకు ఎన్‌సీసీ తేలిందంటే ఇంట్లోవాళ్ళ మల పరీక్ష చేయించడం మంచిది. పేగులో పురుగున్నవారు బయటెక్కడో కాక ఇంట్లోనే ఉండే అవకాశం తక్కువేమీ కాదు. ఇక్కడే చాలా ఇళ్ళలో అన్యాయం జరుగుతుంది. పరీక్ష అనగానే వంటమనిషిని పిలిచి "రేపటినుంచి రావొద్దు" అంటారు. పరీక్ష అమ్మకు, నాన్నకు, తాతకు, హాస్టల్ నుంచి వచ్చిన అన్నకు, వంటమనిషికి, అందరికీ ఒకేసారి చేయించండి. ఎవరిలో తేలినా డాక్టరిచ్చే మందుతో పురుగు పడిపోతుంది. ఖర్చు మీరే పెట్టుకోండి, జీతం కోయకండి. మందేసుకున్న మనిషి వల్ల మీ ఇంటికి ప్రమాదం పోతుంది. పనిలోంచి తీసేస్తే ఆ పురుగు ఇంకో ఇంటికి వెళ్తుంది.

మలంలో తెల్లటి చదునైన ముక్కలు కనిపిస్తే సిగ్గుపడి దాచకుండా చెప్పమని ఇంట్లో అందరికీ చెప్పండి. పదేళ్ళ పిల్ల ఇలాంటివి చెప్పడానికి జంకుతుంది. మీరు ముందుగా మామూలు మాటగా ఎత్తితే తనూ మామూలుగానే చెబుతుంది.

వంటింటి సంగతులు

క్యాబేజీ తింటే పురుగు మెదడుకెక్కుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. క్యాబేజీ పొరల్లో కనిపించే పచ్చటి పురుగు సీతాకోకచిలుకో, రెక్కలపురుగో కావాల్సిన గొంగళి. దానికీ దీనికీ సంబంధం లేదు. ప్రమాదం కంటికి కనిపించని గుడ్డుతోనే. మురుగు కలిసిన నీటితో పండించిన ఏ కూర మీదైనా అది ఉండొచ్చు. హైదరాబాద్ దిగువన మూసీ నీటితో ఆకుకూరలు పండుతున్న సంగతి తెలిసిందే. ఉడికిన తోటకూర, గోంగూర, క్యాబేజీలతో చిక్కు లేదు, వేడికి గుడ్లు చస్తాయి. పచ్చిగా తినేవాటి దగ్గరే మెలకువ కావాలి. కొత్తిమీర, పుదీనా, కీరా, క్యారెట్, టమాటా, ఉల్లిపాయ. వీటిని పారేనీటి కింద ఒక్కో ఆకూ, ఒక్కో కాయా చేత్తో రుద్ది కడగాలి. గిన్నెలో ముంచి తీస్తే చాలదు.

నీళ్ళలో కలిపే క్లోరిన్‌కు ఈ గుడ్లు అంత తేలిగ్గా చావవు. కాచి చల్లార్చిన నీళ్ళో, మంచి ఫిల్టరు నీళ్ళో తాగించండి. చేతులకు రాసుకునే శానిటైజర్‌నూ నమ్ముకోవద్దు. గుడ్డు చేతినుంచి పోవాలంటే సబ్బు, నీళ్ళు, రుద్దడం కావాలి. గోళ్ళు వారానికోసారి కత్తిరించండి. దొడ్డికెళ్ళొచ్చాక, అన్నానికి ముందు, వంట మొదలుపెట్టే ముందు, పసిబిడ్డను కడిగాక, ఈ నాలుగు సందర్భాల్లోనూ చేతులు కడగడం పిల్లలకన్నా ముందు పెద్దలు పాటించాలి. మన దేశంలో అన్నం చేత్తోనే కలుపుతాం, చేత్తోనే ముద్ద పెడతాం. ఆ అలవాటు మానక్కర్లేదు. ముద్ద పెట్టే చెయ్యి శుభ్రంగా ఉంటే చాలు.

పంది మాంసం తినే ఇళ్ళకు ఇంకో రెండు మాటలు. తినొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. పందుల్ని దొడ్లో కట్టి దాణా పెట్టి పెంచేవాళ్ళ దగ్గర కొనండి. కోసిన మాంసంలో తెల్లటి తిత్తులు కనిపిస్తే వాడొద్దు, అమ్మినవాళ్ళకు చెప్పండి. ముక్కలు చిన్నవిగా కొట్టి, లోపల ఎర్రదనం ఏమాత్రం లేకుండా ఉడికించండి. బొగ్గుల మీద కాల్చేటప్పుడు పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఒక ముక్క కోసి చూశాకే పిల్లలకు పెట్టండి. ట్రైకినెల్లా అనే ఇంకో పురుగు పంది, అడవిపంది మాంసాల్లో ఉండొచ్చు. పొగబెట్టినా, ఉప్పు పట్టించి ఎండబెట్టినా అది చస్తుందన్న భరోసా లేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు సగం ఉడికిన ఏ మాంసమూ తినకూడదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి తల్లినుంచి బిడ్డకు చేరగలదు. వీటన్నిటికీ మందు ఒక్కటే, బాగా ఉడికించడం.

బిడ్డతో ఏం చెప్పాలి?

పిల్లలు పెద్దవాళ్ళ మాటలన్నీ వింటుంటారు. "నా తలలో పురుగు తిరుగుతోందా అమ్మా?" అని ఏ రాత్రో అడుగుతారు. "అలాంటిదేం లేదు, పడుకో" అని కొట్టిపారెయ్యకండి, నమ్మరు. "చిన్న తిత్తి ఉంది. అది తిరగదు, పెరిగి పెద్దదవదు. ఎండిపోతోంది, అందుకే ఫిట్స్ వచ్చింది. మందేసుకుంటే రాకుండా ఉంటుంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఇది చక్కగా అర్థమవుతుంది.

బడి మాన్పించకండి. క్లాస్ టీచరును కలిసి విషయం చెప్పండి, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో కాగితం మీద రాసివ్వండి. మెదడులో తిత్తి ఉన్న పిల్ల పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఎవరికీ అంటదని కూడా అందులో రాయండి. డాక్టరు సరేననేదాకా బావిలో, చెరువులో ఈతకు, రోడ్డుమీద సైకిలుకు, చెట్లెక్కడానికి ఒంటరిగా పంపొద్దు. మిగతా ఆటలన్నీ ఆడనివ్వండి. ఆడపిల్లయితే "ఈ సంగతి బయటికి పొక్కితే రేపు పెళ్ళెలా?" అని ఆమె వినేలా మాట్లాడకండి. తిత్తి నెలల్లో పోవచ్చు గానీ ఆ మాట ఏళ్ళ తరబడి గుచ్చుతుంది.

బళ్ళో పందులు పెంచే కుటుంబాల పిల్లలూ ఉంటారు. ఈ జబ్బు పేరు వినగానే మిగతా పిల్లలు వాళ్ళను వేలెత్తి చూపిస్తే సరిదిద్దాల్సింది మనమే. పంది తనకు తానుగా ఈ గుడ్లను పుట్టించదు. మనిషి మలం దాని నోటికి చేరబట్టే దానికీ తిత్తులొస్తున్నాయి. ఆ పెంపకందారులకూ సాయం కావాలి. పందులకు ఈ జబ్బు రాకుండా వేసే టీకా ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ టీకాను మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ సిస్వాక్స్ పేరుతో 2016లో తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది. పెరూ దేశం ఉత్తరాన టుంబెస్ ప్రాంతంలో మనుషులకు పురుగుమందు, పందులకు మందు, టీకా కలిపి ఊరూరా ఇచ్చారు. ఆఖరి విడతలో తీసుకున్న 107 పల్లెల్లో 105 చోట్ల పురుగు వ్యాప్తి ఆగిపోయిందని 2016లో వెల్లడించారు. ఈ జబ్బు ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ రోగుల్లో దాదాపు 30 శాతం మందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే అంతమంది మూర్ఛ రాకుండా ఆపగలిగినదే.

టుంబెస్‌లో జరిగినంత పని మన ఊళ్ళో ఒక తల్లో, తండ్రో చెయ్యలేకపోవచ్చు. బిడ్డ చదివే బళ్ళో మరుగుదొడ్డి పనిచేస్తోందా, అక్కడ నీళ్ళూ సబ్బూ ఉన్నాయా, మధ్యాహ్న భోజనం వండే చేతులకు కడుక్కునే వసతి ఉందా అని మాత్రం వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో అడగగలరు. మార్కులతోపాటు ఈ మూడూ అడగండి. లేవని చెబితే ఎప్పటికల్లా ఏర్పాటు చేస్తారో కనుక్కుని, ఆ తేదీ రాసుకోండి.